మూడో దశ పాఠం

ఆదివారం పొద్దున్నే అంజనమ్మ డ్యూటీ చీరకు గంజి పెడుతోంది. ఆ పని ఇంకొకరికి అప్పగించేది కాదు. చాకలి చిక్కగా పెడతాడనీ, కోడలు పలచగా పెడుతుందనీ ఆమె ఫిర్యాదు. బాగేపల్లి సర్కారు ఆస్పత్రిలో పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న ఆమె దృష్టిలో, చీరకు గంజి పెట్టడం దగ్గరినుంచి కడుపుతో ఉన్న మనిషిని పరీక్ష చేయడం దాకా ఏ పనినీ సరిగ్గా చేసేవాళ్ళు ఈ తాలూకాలో లేరు.

ఆమె దగ్గర అందరికీ ఒక్కో మాట ఉండేది. ఆస్పత్రి డాక్టరు పది గంటలకు వచ్చి, ఒంటిగంటకు పోయే చుట్టం. కాంపౌండరు రంగునీళ్ళు కలిపే మనిషి. ఆయాలు చేతులు కడుక్కోవడం కూడా నేర్చుకోలేని జనం. వీళ్ళందరి మీదా ఉన్న చులకనను ఒకచోట కుప్పపోసినా, రెండేళ్ళ చదువుతో పల్లెల మీదికి వస్తున్న కొత్త నర్సుల మీద ఆమెకున్న చులకనకు సరిపోదు. ఎనిమిదో తరగతి చదివిన పిల్లలకు రెండేళ్ళు ట్రైనింగు ఇచ్చి, చేతికి ఒక బ్యాగు ఇచ్చి, సర్కారు వాళ్ళను హెల్త్ సెంటర్లకు పంపుతోంది. అంజనమ్మ వాళ్ళను సగం నర్సులు అనేది. ఇంట్లో అలాగే అనేది, ఆస్పత్రిలోనూ అలాగే అనేది.

ఆ సగం నర్సుల్లో ఒకతె ఆమె కోడలు.

అంజనమ్మ గర్వం ఊరికే వచ్చింది కాదు. ఇరవై ఏళ్ళు నిండకముందే విషజ్వరంతో భర్త పోయాడు. రెండేళ్ళ కొడుకును తల్లి దగ్గర వదిలి, బెంగుళూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో మూడున్నరేళ్ళు నర్సు చదువు, ఆపైన ఆరు నెలలు కాన్పుల చదువు చదివింది. తెల్లదొరసాని మేట్రన్ చేతిలో చీవాట్లు తింటూ, మంచం దుప్పటి మడతలో ఒక్క ముడత ఉన్నా మళ్ళీ మొదటినుంచి పరుస్తూ నేర్చుకుంది. ఆమె అలా చదువుతున్న రోజుల్లోనే అత్తగారి ఊరు గూళూరులో బావగారు వెంకటరమణప్ప పదిమంది ముందు, ఊళ్ళోవాళ్ళ చీమూ నెత్తురూ కడిగే మనిషి తమ ఇంటి కోడలు కాదని చెప్పేశాడు. పాతికేళ్ళు గడిచినా ఆయన ఆమె ఇంట్లో మెతుకు ముట్టలేదు. కానీ దగ్గు వచ్చిన ప్రతిసారీ ఆస్పత్రి వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అంజనమ్మ ఆయనకు మందు ఇచ్చేది, కూర్చోమని మాత్రం అనేది కాదు.

ఇలా పైనుంచి మీదపడ్డ చులకననంతా ఆమె మోసింది. మోసి మోసి, చివరికి తనకంటే కింద ఎవరైనా కనబడితే వాళ్ళ నెత్తిన దించడం అలవాటు చేసుకుంది.

కొడుకు రామాంజినప్ప తాలూకా కచేరిలో గుమాస్తా. అరవై ఒకటిలో జనాభా లెక్కలకని పాతపాళ్యం పోయి, అక్కడి హెల్త్ సెంటర్లో పనిచేసే సుజాతను చూశాడు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకుంటానన్నాడు. కులం ఒకటే, ఇంటి పెద్దలూ తెలిసినవాళ్ళే. అయినా అంజనమ్మ నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదు. అక్షరమ్ముక్క రాని పిల్లయినా తెచ్చుకోమనీ, ఈ అరకొర చదువు పిల్ల మాత్రం వద్దనీ చెప్పి చూసింది. ఏమీ రానివాళ్ళు ఏమీ చేయరు కాబట్టి వాళ్ళవల్ల ప్రమాదం లేదని ఆమె వాదన. చివరికి పెళ్ళయితే జరిగింది. సుజాత సోమవారం పొద్దున బస్సులో పాతపాళ్యం పోయి, శనివారం సాయంత్రం బాగేపల్లికి తిరిగొచ్చేది. ఇంట్లో ఉండే ఆ ఒక్కరోజూ అత్తగారి నోటికి ఎదురు చెప్పకుండా గడిపేసేది. ఎనిమిది నెలలనుంచి ఆ పిల్ల మాట మరీ తగ్గిపోయింది. పనిభారమని మొగుడు అనుకున్నాడు. అంజనమ్మకు అది పట్టించుకునేంత విషయంగా తోచలేదు.

ఆ ఆదివారం ఇంట్లో ఒక ముఖ్యమైన పని ఉంది. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల స్టాఫ్ నర్సులు కలిసి బెంగుళూరుకు ఒక అర్జీ పంపాలని తీర్మానించుకున్నారు. వచ్చే ఆదివారం చింతామణిలో కెంపమ్మ అనే సీనియరు నర్సు ఇంట్లో అందరూ సంతకాలు పెట్టాలి. అర్జీ తయారుచేసే భారం అంజనమ్మది. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు గానీ సర్కారుకు రాయాల్సిన కన్నడం గుండ్రంగా రాయలేదు. సుజాత కన్నడం రాస్తే కచేరివాళ్ళు కూడా మెచ్చుకునేవారు. అందుకని కోడల్ని పిలిచి, కాగితాలు ముందు పెట్టి, తాను చెప్పింది చెప్పినట్టు రాయమంది.

మొదటి నాలుగు అంశాలూ చెబుతున్నప్పుడు అంజనమ్మ గొంతులో నిజమైన మంట ఉంది. నాలుగేళ్ళు చదివిన నర్సుకు వచ్చే జీతం, ఆరు నెలలు టైపు నేర్చుకున్న గుమాస్తా జీతం కంటే తక్కువ. పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఒక్క సెలవు కూడా గ్యారంటీ లేదు. ఉండడానికి ఇల్లు ఇవ్వరు, ఒంటరి ఆడదానికి ఊళ్ళో ఇల్లు అద్దెకూ ఇవ్వరు. యూనిఫారం తెల్లగా ఉండాలంటారు, సబ్బుకు డబ్బివ్వమంటే నవ్వుతారు. సుజాత తల వంచుకుని అంతా రాసింది. రామాంజినప్ప గడప దగ్గర కూర్చుని వింటూ, మధ్యలో ఒకటి రెండు కచేరి మాటలు అందించాడు.

ఐదో అంశం దగ్గరికి వచ్చేసరికి అతను తల్లి ముఖంలోకి చూశాడు. అంజనమ్మ చూపు తిప్పుకోలేదు. రెండేళ్ళ ట్రైనింగు వాళ్ళు తమను నర్సు అని పిలిపించుకోకూడదు, తెల్లచీర కట్టకూడదు, నెత్తిన టోపీ పెట్టకూడదు, పక్కన చదువుకున్న నర్సు లేకుండా ఒంటిగా కాన్పు చేయకూడదు. అది చెబుతూ ఆమె ఒక వివరణ కూడా ఇచ్చింది. సర్కారు పంపితే చిక్కబళ్ళాపురం ట్రైనింగు సెంటర్లో నాలుగు నెలలు తానే వాళ్ళకు పాఠాలు చెప్పింది కాబట్టి, వాళ్ళ తలకాయల్లో ఏముందో తనకంటే బాగా ఎవరికీ తెలియదు. నలభైమందిలో ఒక్కరి పేరు కూడా గుర్తుపెట్టుకోవాలనిపించలేదు. ఆ బెంచీల మీద కోడలు కూడా కూర్చుని ఉండేదని ఆమెకు తెలుసు. ఏ బెంచీయో మాత్రం గుర్తులేదు.

తల్లి కావాలనే ఆ పిల్ల చేత రాయిస్తోందని రామాంజినప్పకు అర్థమైంది. ఆ ఒక్క అంశం తాను రాస్తానని కాగితం కోసం చేయి చాచాడు. సుజాత ఇవ్వలేదు. అత్తగారు చెప్పిన మాటల్లో ఒక్కటీ వదలకుండా రాసి, సిరా ఆరేదాకా ఊది, కాగితం తిప్పి, సంతకాల కోసం వదిలిన చోట అందరికంటే పైన తన పేరు రాసి సంతకం పెట్టింది.

అంజనమ్మ కాగితం లాక్కుని చూసింది. "ఇదేమి? నీ పేరు ఎందుకు రాస్తివి? ఎగతాళా?"

"కాదత్తా. ఐదోది నిజమే గదా. రానోళ్ళను ఒంటిగా కాన్పుకు పంపకూడదు. నాకూ ఒప్పుదలే."

"రాదని తెలిసీ ఆ బ్యాగు తగిలించుకోని ఊరూరూ తిరగతాండావే. నీకు సిగ్గు లేదా?"

రామాంజినప్ప లేచి నిలబడి, ఇక చాలమ్మా అన్నాడు. కచేరి వ్యవహారం కాదు, నువ్వు కలగజేసుకోవద్దని తల్లి అతన్ని కసిరింది. సుజాత మొగుడివైపు చూడలేదు. ఆమె గొంతు పెరగలేదు కూడా.

"సిగ్గుండాదత్తా. ఎనిమిది నెలలుగా ఉండాది."

ఆమె లోపలికి పోయి, ట్రంకుపెట్టెలో అడుగునుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ట్రైనింగు రోజుల్లో పాఠాలు రాసుకున్న పుస్తకం. అంజనమ్మ చెప్పిన ప్రతి మాటా అందులో తేదీలతో సహా ఉంది. నొప్పులు మొదలై గర్భద్వారం తెరుచుకునే మొదటి దశ, తొమ్మిది పేజీలు. బిడ్డ బయటికొచ్చే రెండో దశ, పదకొండు పేజీలు. తర్వాతి పేజీలో పైన శీర్షిక, దాని కింద రెండే వాక్యాలు ఉన్నాయి. 'బిడ్డ పుట్టినప్పటినుంచి మాయ బయటికొచ్చేదాకా ఉండే కాలాన్ని మూడో దశ అంటారు. ఈ దశలో' అని రెండో వాక్యం అక్కడే ఆగిపోయింది. మిగిలిన పేజీలన్నీ ఖాళీ.

"ఆ పొద్దు ప్యూను ఒక కాగితం తెచ్చిచ్చినాడు మీకు," అంది సుజాత. "మీరు చదువుకోని సుద్దముక్క బల్ల మీద పెట్టినారు. 'మీకు చెప్పేదానికంటే ఆస్పత్రి మంచాలకు చెప్పేది మేలు' అని మాతో అన్నారు. అని వెళ్ళిపోయినారు. మళ్ళా రాలేదు. ఆ పైన మాకు పాఠం చెప్పేదానికి ఎవురూ రాలేదు. దూది చుట్టమన్నారు, బెడ్‌పాన్లు కడగమన్నారు. పరీక్షకు మునుపు ప్రశ్నలూ జవాబులూ రాయించి కంఠస్తం చేయమన్నారు. చేసినాము. పాసైనాము."

అంజనమ్మ ఏదో అనబోయింది. సుజాత ఆగలేదు.

"ఆషాఢంలో పాతపాళ్యంలో మునిరత్నమ్మ అని, పాపన్న భార్య, తొలికాన్పు. పంతొమ్మిదేళ్ళు. బిడ్డ బాగా పుట్టింది. మీరు చెప్పినట్లే అంతా చేసినాను. బిడ్డ ఏడ్చింది. గంటసేపు చూసినాను, మాయ పడలేదు. ఏం చేయల్లనో నాకు తెలీదు. ఇంట్లోవాళ్ళంతా నన్నే చూస్తాండారు. బొడ్డుతాడు పట్టుకోని లాగినాను."

సుజాత నోటుపుస్తకం మూసింది.

"నెత్తురు ఆగలేదు. బండి కట్టినారు. సగం దారి కూడా రాలేదు. వాళ్ళమ్మ నన్ను పట్టుకోని ఏడ్చింది. నువ్వుండావు కాబట్టి బిడ్డయినా దక్కిందమ్మా, అని నాకు దండం పెట్టింది అత్తా. నేను రిజిస్టర్లో రక్తస్రావం అని రాసుకోని వచ్చేసినాను."

రామాంజినప్ప గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎనిమిది నెలలు పక్కనే ఉన్న మనిషి లోపల ఇంత దాచుకుని తిరిగిందని అతనికి తెలియదు. అంజనమ్మ మాత్రం ఆరీ ఆరని తెల్లచీర కట్టుకుంది. డ్యూటీకి వేళైందని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది.

దారి పొడుగునా ఆమె తనను తాను సమర్థించుకుంటూనే ఉంది. ఆ రోజు వచ్చిన కాగితంలో ఏముందో ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. పాఠం చెప్పినందుకు వేరే జీతం ఇవ్వడం కుదరదనీ, అక్కడి వార్డు పనితోపాటే దాన్నీ చేయాలనీ అందులో రాశారు. దాని మీద సంతకం పెట్టిన హెడ్‌గుమాస్తా, ఆమె ఎదురుగా నిలబడితే ముఖమెత్తి చూసేవాడు కాదు. ఆ అవమానం అబద్ధం కాదు. మూడున్నరేళ్ళ చదువును ఆ మనిషి ఒక్క వాక్యంతో కొట్టిపారేశాడు. ఏ మర్యాదా లేని చోట తానొక్కతే మర్యాదగా ఎందుకుండాలి? ఇదే వాదనను నాలుగేళ్ళుగా ఎంతోమందికి చెప్పింది. విన్నవాళ్ళు అందరూ సరేనన్నారు. ఆ పొద్దు ఆస్పత్రి గేటు చేరేలోపల అది మొదటిసారి ఆమె నోటికే చప్పగా తగిలింది.

మధ్యాహ్నం వార్డులో ఒక కాన్పు వచ్చింది. బిడ్డను ఆయా చేతికిచ్చి, అంజనమ్మ తల్లి పొత్తికడుపు మీద చేయి వేసి కూర్చుంది. ఆ చేయి ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తోంది. తాడు లాగకుండా, ఊరికే చేయి పెట్టుకుని కనిపెట్టి చూడాలి. కడుపు గట్టిపడుతుంది, గుండ్రంగా పైకి లేస్తుంది, బొడ్డుతాడు దానంతటదే బెత్తెడు కిందికి జారుతుంది. అంతవరకూ ఓపిక పట్టాలి. గంటైనా మాయ పడకపోయినా, ముందే నెత్తురు కనిపించినా కడుపు రుద్ది, సూది వేసి, అప్పుడే బండి కట్టించాలి. ఇరవై నిమిషాలకు మాయ దానంతటదే పడింది. నెత్తురు అరగ్లాసు మించలేదు. ఆయా దాన్ని పళ్ళెంలోకి తీసుకుంటూ, ఎప్పటిలా సిస్టరమ్మ చేతిచలవ అంది.

అంజనమ్మ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. చేతిచలవ కాదు. నాలుగు వాక్యాలు. లాగకండి, ఆగండి, చేయి వేసి చూడండి, పడకపోయినా నెత్తురు కనిపించినా బండి కట్టించండి. ఆ రోజు ప్యూను ఇచ్చిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, ఈ నాలుగు వాక్యాలూ చెప్పి, ఆ తర్వాత ఆ పాఠాల పని వదిలేసి ఉన్నా సరిపోయేది. పావుగంట. ఆ పావుగంట ఇవ్వడానికి తనకు మనసొప్పలేదు. ఎదురుగా ఉన్న నలభైమంది పిల్లలు తనను అవమానించలేదు. గుమాస్తాను ఏమీ అనలేక, వాళ్ళను అంది. కుళాయి నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో వార్డులో ఎన్నడూ ఏడవని మనిషి, తల కుళాయి గట్టుకు ఆనించి ఏడ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కోడలి ముందు చాప మీద కూర్చుంది. ఆ నోటుపుస్తకం తెచ్చుకుని రాసుకోమంది. సుజాత వెంటనే కదల్లేదు. ఇప్పుడు రాసుకుని ఏమి లాభమత్తా అని అడిగింది. అంజనమ్మే లేచి పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆగిన వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టి, పుస్తకం చూడకుండా, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది. సుజాత రాసుకుంది. రెండు చోట్ల ఆపి ప్రశ్నలు అడిగింది. ట్రైనింగు సెంటర్లో ఎవరైనా ప్రశ్న అడిగితే అంజనమ్మ వాళ్ళను నిలబెట్టేది. ఆ సాయంత్రం తన చేయి తీసి కోడలి కడుపు మీద వేసి, ఎక్కడ, ఎంత గట్టిగా అనేది చూపించి చెప్పింది.

పాఠం అయిపోయాక సుజాత ఒకటే అడిగింది. చెన్నమ్మకు, అంటే చనిపోయిన పిల్ల తల్లికి, నిజం చెప్పాలని ఉందనీ, ఒంటరిగా పోయే ధైర్యం లేదనీ అంది. రామాంజినప్ప భయపడిపోయాడు. ఉద్యోగాలు పోతాయనీ, ఊరివాళ్ళు కొట్టినా కొడతారనీ, పోయిన ప్రాణం ఎలాగూ తిరిగిరాదనీ చెప్పి చూశాడు. అంజనమ్మ చింతామణి మీటింగు అయినాక పోదామని మాటిచ్చింది.

చింతామణిలో కెంపమ్మ ఇంట్లో పద్నాలుగుమంది నర్సులు కలిశారు. నాలుగు అంశాలు చదివినప్పుడు అందరూ తలలూపారు. అందరూ ఎదురుచూస్తున్నది ఐదోదాని కోసమే. సగం నర్సుల మీద ఎవరి దగ్గర చూసినా ఒక కథ ఉంది. ఒకతె థర్మామీటరు వేడినీళ్ళలో పెట్టి పగలగొట్టిందట, ఇంకొకతె సూది వేయడానికి దర్జీలా ఒక కన్ను మూసి చూసుకుంటుందట. చెప్పుకుని నవ్వుతున్నారు. పోయిన నెలవరకూ ఆ నవ్వుల్లో అంజనమ్మ గొంతే పెద్దది. ఆమె ఐదో అంశం చదవనని కాగితం కింద పెట్టేసింది. ఇంట్లో కోడలుంది కాబట్టి నాలుక మడతపడిందా అని కెంపమ్మ వేళాకోళం చేసింది. అప్పుడు అంజనమ్మ లేచి నిలబడి, మునిరత్నమ్మ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కోడలి తప్పు దాచలేదు, తన తప్పూ దాచలేదు.

"వాళ్ళకు రాదని మనం నవ్వతాండాము," అంది చివరికి. "చెప్పాల్సినోళ్ళం మనమే. చెప్పకుండా లేసి వచ్చిందాన్ని నేనే."

తప్పు సర్కారుదే గానీ నీది కాదని కొందరు ఓదార్చారు. కెంపమ్మకు అది నచ్చలేదు. ఎవరో పల్లెటూరి పిల్ల కోసం చదువుకున్న వాళ్ళ మర్యాద తగ్గించుకోవాలా అని విసురుగా లోపలికి పోయింది. చాలాసేపు వాదులాట నడిచింది. ఆఖరికి ఆమెతో కలిపి ఆరుగురు మాత్రం అంజనమ్మ మార్చిన అర్జీ మీద సంతకం పెట్టారు. అందులో ఐదో అంశం ఇలా మారింది. రెండేళ్ళ ట్రైనింగులో ఏ పాఠమూ వదలకూడదు, చెప్పడానికి చదువుకున్న నర్సు ఉండాలి, చెప్పే నర్సుకు దానికి తగిన జీతం ఇవ్వాలి. మిగిలిన ఎనిమిదిమంది పాత అర్జీనే విడిగా పంపారు. బెంగుళూరునుంచి రెండింటికీ ఒకే జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉందన్నారు.

మీటింగు అయిన వారం సుజాత సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. గురువారం అత్తాకోడళ్ళు పాతపాళ్యం బస్సు ఎక్కారు. చెన్నమ్మ ఇల్లు ఊరి చివర, వేరుశనగ చేను పక్కన. ఆమె అరుగు మీద కాళ్ళు చాపుకుని, ఎనిమిది నెలల మనవరాలిని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. నర్సమ్మ వచ్చిందని సంతోషపడి లోపల్నుంచి చాప తెప్పించింది. చాప తెచ్చిన చిన్నకూతురు కడుపుతో ఉంది. సుజాత కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది, తాడు లాగిన దగ్గర ఆగిపోయింది. మిగతా సగం అంజనమ్మ చెప్పింది.

చెన్నమ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని విన్నది. బిడ్డ ఒళ్ళు ఆరిపోతుంటే గుడ్డ కప్పింది. అప్పుడు అడిగింది.

"లాగకుండా ఉంటే నా కూతురు బతికేదా?"

"చానా మటుకు బతికేది."

"అది నీకు తెలుసునా?"

"తెలుసు."

"మరి ఈ పిల్లకు ఎందుకు చెప్పలేదు?"

అంజనమ్మకు జీతం సంగతీ, ప్యూను తెచ్చిన కాగితం సంగతీ నోటిదాకా వచ్చాయి. ఆ అరుగు ముందు నిలబడి అవి చెప్పడానికి నోరు రాలేదు. "ఈళ్ళకు చెప్పేది నాకు తక్కువ అనిపించింది," అంది.

చెన్నమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ మడతలు చెదరని తెల్లచీరను, చేతి గడియారాన్ని, కాళ్ళకున్న చెప్పులను చూసింది. అంజనమ్మ జన్మలో చాలామంది చులకన చూపులు ఎదుర్కొంది. ఆ చూపులన్నిటికీ ఆమె దగ్గర జవాబు ఉండేది. ఈ చూపు ముందు తల దించుకుంది.

"ఇంత చదువుకుంటివి," అంది చెన్నమ్మ. "పోండి మీరు."

ఇద్దరూ తిరిగి బస్సు ఆగే చోటికి వచ్చి ఎండలో నిలబడ్డారు. సుజాత ఏడుస్తోంది. అంజనమ్మ గొడుగు కోడలి వైపు వంచి పట్టుకుంది. బస్సు దుమ్ము కనిపించే వేళకు చెన్నమ్మ వచ్చింది, చంకలో బిడ్డతో, రొప్పుతూ. సుజాత వైపు చూడకుండా అంజనమ్మతో మాట్లాడింది. చిన్నదానికి వైశాఖంలో నెలలు నిండుతాయనీ, ఈ ఊళ్ళో ఇంకో దిక్కు లేదనీ అంది.

"ఇద్దురూ రావల్ల. నా కండ్ల ముందర చేయల్ల," అంది. అని సమాధానం వినకుండానే వెనక్కి తిరిగింది.

వైశాఖంలో కబురొచ్చిన రోజు అంజనమ్మ డాక్టరుతో గొడవపడి సెలవు పెట్టుకుని పాతపాళ్యం చేరింది. అప్పటికే సుజాత అక్కడ నీళ్ళు కాచి, చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది. అంజనమ్మ గోడ వారగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎన్నోసార్లు లేవబోయి ఆపుకుంది. మర్నాడు పొద్దున పది గంటలకు బిడ్డ పుట్టింది, మగబిడ్డ. ఆ తర్వాత సుజాత తల్లి కడుపు మీద చేయి వేసి కూర్చుంది. చెన్నమ్మ గడపలో నిలబడి, ఆ చేతినే చూస్తోంది. పావుగంట అయింది. అరగంట అయింది. సుజాత ఒకసారి తలెత్తి అత్తగారి వైపు చూసింది. అంజనమ్మ తల కొద్దిగా అడ్డంగా ఊపింది, తొందర లేదన్నట్టు. ఇంకా పదినిమిషాలకు కడుపు గట్టిపడి, తాడు జారి, మాయ నిండుగా పడింది. సుజాత దాన్ని పళ్ళెంలో పరిచి ముక్క తప్పిపోయిందేమోనని వెతికింది. ఏదీ తప్పిపోలేదు.

చెన్నమ్మ చిన్నకూతురి పక్కన కూర్చుని, దాని నుదురు, బుగ్గలు, చేతులు తడిమి చూసింది. వెచ్చగానే ఉంది. నిజం తెలిసిన తర్వాత మొదటిసారి అప్పుడు ఆమె బోరున ఏడ్చింది. ఏ కూతురి కోసమో అక్కడున్న అందరికీ తెలుసు. సుజాత పక్కకు వెళ్ళి కూర్చుంటే, చెన్నమ్మ ఆ పిల్ల తలను భుజానికి లాక్కుంది.

మధ్యాహ్నం బస్సుకని ఇద్దరూ లేచారు. చెన్నమ్మ గడపకు అడ్డం నిలబడింది. కూర్చోండి, అన్నం తిని పోండి అంది. ఆ మాటలో ప్రేమ లేదు, కోపమూ లేదు. వడ్డించిన రాగిముద్దా పప్పుచారూ ముందు పెట్టి, తానూ ఎదురుగా కూర్చుంది.

అంజనమ్మ ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. మింగలేకపోయింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి పప్పుచారులో పడుతున్నాయి. తుడుచుకుందామంటే కుడిచేయి ఎంగిలి.

సుజాత తన ఎడమచేత్తో కొంగు పట్టుకుని అత్తగారి ముఖం తుడిచింది.

"తినండి అత్తా," అంది. "బస్సుకు ఇంకా టైముండాది."